రెండు కట్టై కోపం

"మెల్లగా దించండన్నా, మెడ జాగ్రత్త!" అని వీధిలోంచి ఆడగొంతు వినబడితే ఎవరో రోగిని ఆసుపత్రి అనుకుని మా కొట్టుకి తెచ్చారనుకున్నాను.

బయటికొచ్చి చూస్తే కుట్టి యానై బండిలో కాళ్ళు చాపుకుని పడుకున్నది డబుల్ బాస్. చిన్న సరుకు బండికి మా పుదుచ్చేరిలో అదే పేరు, పిల్ల ఏనుగు. నిజానికి ఆ పేరు బండికన్నా అందులో ఉన్నదానికే నప్పింది. వయొలిన్‌కి ఎవరో పదేళ్ళు తిండి పెట్టి పని చెప్పకుండా పెంచినట్టుంది అది.

ఊళ్ళో సారం అనే పేటలో మా కొట్టు తాత చిన్నస్వామి పెట్టింది. వయొలిన్, వీణ, తంబురా, ఏ తంతి వాద్యమైనా బాగుచేసి శ్రుతి కలిపి ఇస్తాం. గిటార్లు కూడా చూస్తాను, జాలికొద్దీ. ఫోన్‌లో యాప్ పెట్టుకుని, పచ్చ లైటు వెలగగానే శ్రుతి కుదిరిందని సంబరపడే జాతి ఆ గిటార్ వాళ్ళు. నాకు యాప్ అక్కర్లేదు. నరేంద్రన్ చెవి తప్పదని ఊళ్ళో వయొలిన్ టీచర్లందరూ అంటారు. వాళ్ళు అనకపోతే నేనే అంటాను.

"పై తంతి మర బిగుసుకుపోయింది, తిరగడం లేదు. ఇది చూస్తారా అన్నా?" తమిళంలో అడిగింది ఆ అమ్మాయి. మెడలో ఆసుపత్రి ఐడీ కార్డు. కీర్తిక, ల్యాబ్ టెక్నీషియన్.

"చూడ్డానికేం, కళ్ళున్నాయి. లోపల పడుతుందా అన్నదే అనుమానం."

ఆమె నవ్వలేదు. గుమ్మం వెడల్పు ఒకసారి చూసి, బాస్‌ని పక్కకి తిప్పి, కొత్త కోడల్ని నడిపించుకొచ్చినట్టు లోపలికి నడిపించుకొచ్చింది. నేను లేచి అడ్డున్న స్టూలు తీయాల్సి వచ్చింది.

మర బాగుచేయడం అరగంట పని. తుప్పు గీకి, నూనె పోసి తిప్పితే లొంగింది. నేను జీవితంలో డబుల్ బాస్‌ని ముట్టుకోవడం అదే మొదలని ఆమెకి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కనబడలేదు. తంతులు నాలుగు, బుర్ర ఒకటి, కమాను ఒకటి. వయొలిన్‌కి పెదనాన్న, అంతే కదా.

"ఇప్పుడు నోరు తెరిచి 'స' పాడండి" అన్నాను.

"ఎందుకు?"

"మా తాత పెట్టిన రూలు. వాయించే మనిషి గొంతుకి కలపకుండా ఈ కొట్టులోంచి ఏ వాద్యమూ బయటికి పోదు."

"నేను పాడను. ఇది నా శ్రుతి కాదు, ఆర్కెస్ట్రా శ్రుతి. కింద నించి ఇ, ఏ, డి, జి. అట్లా పెట్టేయండి చాలు."

"అది శ్రుతా? నేను టౌన్ బస్సు రూట్లనుకున్నాను."

ఆమె పక్కకి తిరిగి, బండి డ్రైవర్ వైపు చూస్తున్నట్టు నటిస్తూ, తెలుగులో గొణిగింది. "ఏంది స్వామీ వీడికింత తిమిరు! యాడ దొరికినాడో!"

తిమిరంటే పొగరు. ఆ మాట మా ఇళ్ళల్లో తమిళంలోంచి వచ్చి తిష్ట వేసింది.

"తిమిరు మా తాతది. నాకు ఆస్తిగా వచ్చింది" అన్నాను తెలుగులోనే.

అప్పుడామె మొహం చూడాల్సింది. చెవులదాకా ఎర్రబడి, వెంటనే ఆ ఎరుపునంతా కోపంగా మార్చేసుకుంది.

"తెలుగోళ్ళయితే ముందే చెప్పాల కదా!"

"మీరు తిట్టకముందు ఎట్లా తెలుస్తాది?"

"ఆరు గంటలకి నాకు రిహార్సల్ ఉండాది. బాస్ ఇస్తావా, ఇవ్వవా?"

"పాడితే ఇస్తా. లేకపోతే ఇది ఈడనే ఉంటాది. చోటు లేదు, నేనే పోయి వీధిలో కూర్చుంటా."

"సా!" అని అరిచింది.

పక్క టీ కొట్టులో గ్లాసు జారిపడిన చప్పుడు వినిపించింది. నేను మాత్రం ఠక్కున పట్టుకున్నాను, రెండు కట్టై. మా వాళ్ళు శ్రుతిని కట్టైల్లో లెక్కపెడతారు. ఆడవాళ్ళు మామూలుగా ఐదు దగ్గర పాడతారు. దాన్ని దాటి పై స్థాయిలోని రెండుకి ఎగిరిందంటే అందులో గొంతు సగం, కోపం సగం.

బస్సు రూట్లన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసి, వయొలిన్‌కి పెట్టినట్టే కింద నించి స, ప, స, ప అని నాలుగు తంతులూ ఆ రెండు కట్టైకి కలిపేశాను. ఆమె టైము చూసుకుంటూ మధ్య తంతులు రెండూ మీటి, సరేనని తలూపి, బాస్‌ని బండెక్కించుకుని పోయింది. లోపల గదిలోంచి మా అవ్వ జయలక్ష్మమ్మ అడిగింది.

"ఎవురురా నరేంద్రా ఆ అమ్మి? గొంతు కణీమని ఉండాది."

"ఎవరో పొగరుబోతు అవ్వా."

"నీకన్నానా?"

నేను తంబురా దగ్గరికి పోయాను. అవ్వ ఒకప్పుడు కచేరీలు చేసిన మనిషి. గొంతు పోయి పదేళ్ళయింది. అయినా ఆమె తంబురా రోజూ ఆమె శ్రుతికే, ఐదున్నర కట్టైకే, కలిపి పెట్టాలి. ఒకసారి ఒక కచేరీకి అరువిద్దామని అర కట్టై దించినందుకు అవ్వ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ శ్రుతిలో ఆమె గొంతు ఇంకా ఉందని ఆమె నమ్మకం. దాన్ని వెక్కిరించేంత తిమిరు నాకు కూడా లేదు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టు ముందు స్కూటీ ఆగింది. బాస్ లేదు, కీర్తిక మాత్రమే. 'అన్నా' కూడా లేదు.

"నరేంద్రన్! ఏం చేసినావు నా బాస్‌ని?"

"ఏమయింది?"

"మా కండక్టర్ అందరికీ 'ఏ' స్వరం ఇచ్చినాడు. నా ఏ సరిగ్గా ఉండాది. డి సరిగ్గా ఉండాది. సరే అని మొదలుపెడితే, కింది తంతి ఒక స్వరం కిందికి, పై తంతి ఒక స్వరం పైకి! నేను నొక్కేదొకటి, మోగేదొకటి. ఇరవై మంది వాయించడం ఆపేసి నా మొహం చూసినారు."

ఆమె మాట పూర్తి కాకముందే నాకు అర్థమైపోయింది. నా స ప స పలో మధ్య రెండూ ఆమె లెక్కతో కలిశాయి, చివరి రెండూ కలవలేదు. తప్పు నూటికి నూరు పాళ్ళూ నాదే. ఇలాంటప్పుడు మనిషన్నవాడు ఒప్పుకుంటాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"మీ హాలు బీచ్ పక్కనే కదా. సముద్రం గాలికి తంతి జారుంటాది."

ఆమె నన్ను పైనించి కిందిదాకా చూసింది. ల్యాబ్‌లో చెడిపోయిన శాంపిల్‌ని అలాగే చూస్తుంది కాబోలు.

"జారితే కిందికి జారాల. పై తంతి పైకి ఎట్లా పోయింది? గాలి ఎత్తి పెట్టిందా?"

చెక్క ఉబ్బడం గురించి ఏదో మొదలుపెట్టాను.

"ఆపు. చెవి తప్పదని చెప్పుకుంటావంట కదా. చెవి బాగానే ఉండాది. నోరే పని చెయ్యడం లేదు." స్కూటీ తాళం చేతిలో తిప్పింది. "కచేరీకి ఇంకా ఆరు వారాలుండాది. ప్రతి శనివారం సాయంత్రం హాలుకొచ్చి శ్రుతి పెట్టిపో. ఏనుగుని మాటిమాటికీ బండెక్కించలేను."

సరేనన్నాను. తప్పు ఒప్పుకోకుండా శిక్షకి మాత్రం ఒప్పుకున్నానన్నమాట. నా తెలివి అలాంటిది.

ఆ హాలు ఫ్రెంచి కాలం నాటి తెల్లవాళ్ళ వీధుల్లో ఉంది. పసుప్పచ్చ గోడ కనబడితే చాలు, ఎక్కడెక్కడి నించో వచ్చిన జంటలు దానికి ఆనుకుని ఫొటోలు దిగే వీధులు. గోడకి ఆనుకోవడానికి ఇంత దూరం రావాలా అని నాకెప్పుడూ అనుమానమే. లోపల కండక్టర్ విజయరంగన్ సారు. బ్యాంకులో రిటైరై, చేతికి పుల్ల దొరికాక ప్రపంచాన్ని ఆడించడం మొదలుపెట్టినాయన. వయొలిన్ల వరసలో ముందు కూర్చునేది సుందరమూర్తి మాస్టారు. ఆయనా, ఆయన శిష్యులూ మొత్తం మా కొట్టు ఖాతాదార్లే.

"నరేంద్రనే స్వయంగా వచ్చాడే! ఇంక బాస్‌కి భయం లేదు" అన్నారాయన. నేను మర్యాదగా నవ్వాను. వెనక కీర్తిక మర్యాద లేకుండా నవ్వింది.

బాస్ శ్రుతి నాకు ఆమే నేర్పింది. ఆ మాట ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను కానీ, అప్పుడు నేర్చుకుంటున్నట్టు కనబడకుండా నేర్చుకోవడానికి చచ్చేంత పనయింది.

"కింది స్వరాలు వట్టి చెవికి దొరకవు. మబ్బు ఉరిమినట్టు ఉంటాది, అంతే. కాబట్టి ఈ తంతిని నాలుగో భాగం దగ్గర వేలితో ఊరికే తాకు. నొక్కొద్దు! తాకమంటే తాకడమే. ఇప్పుడు పక్క తంతిని మూడో భాగం దగ్గర. రెండూ ఒకే స్వరం పలకాల. విను."

రెండు తంతులూ సన్నగా, ఈల వేసినట్టు పలికాయి. మధ్యలో ఏదో ఊగుతోంది.

"ఆ అల ఉండాది చూడు, వావ్ వావ్ అని? దగ్గరయ్యే కొద్దీ నెమ్మదిస్తాది. కుదిరితే ఆగిపోతాది."

"తెలుసు. తంబురాకీ అంతే."

"తెలిసినోడివి సముద్రం గాలి మీద వేసినావే!"

మూడో శనివారం వాన పట్టుకుంది. కరెంటు పోయి, రిహార్సల్ ఆగి, అందరూ వరండాలోకి చేరారు. మేమిద్దరం మాత్రం బాస్‌కి చెరో పక్కన కూర్చుని తంతుల మీద చెవులు పెట్టాం. వాన చప్పుడులో అల వినబడాలంటే తల బాగా దగ్గరికి వంచాలి. ఆమె జడలోంచి మల్లెపూల వాసన, దాని వెనకే ల్యాబ్ స్పిరిట్ వాసన. ఈ రెండూ కలిస్తే ఇంత బాగుంటుందని ఎవరైనా అంతకుముందు చెప్పి ఉంటే నవ్వి పంపేసేవాణ్ణి.

"వింటున్నావా?" అంది.

"ఊఁ."

"అబద్ధం. తంతి నేనింకా మీటనే లేదు."

ఆరోజు ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే, పచ్చ లైటు వెలిగిన యాప్ లాంటి మొహం ఒకటి కనబడింది. నన్ను చూసి నాకే అసహ్యం వేసింది. ప్రేమించిన మగవాళ్ళ మొహాలు ఇంత వెర్రిగా ఉంటాయని తెలిసి కూడా అందులో దిగాను.

ఒప్పుకోవాల్సిన సంగతి మాత్రం లోపల అలాగే ఉండిపోయింది. ప్రతి శనివారం చెబుదామనే బయల్దేరేవాణ్ణి. హాల్లో సుందరమూర్తి మాస్టారు "మన నరేంద్రన్ చెవి" అనగానే దాన్ని దాచేసి తంతుల మీదికి వంగేవాణ్ణి.

కచేరీకి సరిగ్గా వారం ముందు, నేను వెళ్ళేసరికి బాస్ ఉండాల్సిన చోట కీబోర్డ్ బల్ల ఉంది. బాస్ గోడకి ఆనించి ఉంది. కీర్తిక దాని పక్కన నిలబడి ఉంది.

"ఇందులో బాస్ సౌండ్ కూడా ఉంది. బటన్ నొక్కితే చాలు" అంటున్నాడు విజయరంగన్ సారు. "కచేరీలో నేను రిస్క్ తీసుకోలేను కీర్తికా. ఇప్పుడు బాగానే వాయిస్తున్నావు, కాదనను. కానీ మొదటి రోజు ఏం చేశావు? నీ తంతులు నువ్వే అటూ ఇటూ తిప్పేసి, తెలీకుండా వాయించేశావు. నీ నోటితోనే ఒప్పుకున్నావు. సొంత వాద్యం శ్రుతి తెలియని మనిషిని స్టేజీ ఎలా ఎక్కించను?"

నీ నోటితోనే ఒప్పుకున్నావు. అంటే ఆ మొదటి రోజే, ఇరవై మంది మొహం చూస్తున్నప్పుడే, ఈ అమ్మాయి నా తప్పుని తన నెత్తిన వేసుకుంది. మా కొట్టు పేరు చెప్పలేదు. ఆ తరవాత ఐదు శనివారాలు నేను వాళ్ళందరి ముందూ పొగడ్తలు మింగుతుంటే పక్కన నిలబడి చూసింది.

కీర్తిక నావైపు చూసింది. తరవాత నేల వైపు చూసింది. ఆ రెండో చూపు నేను భరించలేకపోయాను.

"సార్" అన్నాను. "ఆమె తిప్పలేదు. నేను తిప్పాను."

కమానులన్నీ ఆగిపోయాయి.

"నాకు డబుల్ బాస్ తెలీదు. తెలీదని చెప్పలేదు. ఆమె ఇ, ఏ, డి, జి అని చెప్పినా వినకుండా వయొలిన్‌కి పెట్టినట్టు రెండు కట్టైకి స ప స ప పెట్టేశాను. అడిగితే సముద్రం గాలి అని అబద్ధం చెప్పాను. ఐదు వారాలుగా అదే అబద్ధం మీద నడుస్తున్నాను."

సుందరమూర్తి మాస్టారు ముందు నోరు తెరిచారు, తరవాత నవ్వారు. ఆయన నవ్వాక శిష్యులకి అడ్డేముంది. హాలంతా నవ్వింది. ఎవరో "డబుల్ బాస్‌కి రెండు కట్టై అంట!" అని వెనక్కి చేరవేశారు. ఇదే పని ఇంకొకడు చేసుంటే నేను వీళ్ళకన్నా గట్టిగా, వారం రోజులు నవ్వేవాణ్ణి. కాబట్టి ఫిర్యాదు లేదు.

విజయరంగన్ సారు నవ్వలేదు. గోడ దగ్గరికి పోయి, బాస్ తల మీది మరలు నాలుగూ తన చేత్తో వదులు చేసేశాడు. తంతులు వేలాడాయి.

"ఇప్పుడు పెట్టు. ఫోన్ లేదు, కీబోర్డ్ లేదు. నువ్వు పెట్టిన శ్రుతిలో ఆమె వాయిస్తుంది. కుదిరితే ఆమె స్టేజీ ఎక్కుతుంది. కుదరకపోతే బటన్ నొక్కుతాం."

సుందరమూర్తి మాస్టారు వయొలిన్ మీద 'ఏ' ఇచ్చారు. దాన్ని పట్టుకుని మొదట ఆ తంతి కుదిర్చాను. దాంతో డి. దాంతో జి. వేలు తాకించి, అల విని, ఆగేదాకా తిప్పి. చివరికి కింది తంతి మిగిలింది, అన్నిటికన్నా లావుది, అన్నిటికన్నా మొండిది. తిప్పాను. అల నెమ్మదించింది. ఆగినట్టే ఉంది. నా చెవి ఆగిందనే చెప్పింది.

నా చెవి ఐదు వారాల కిందట కూడా ఏదో చెప్పింది.

"కీర్తికా" అన్నాను. "కుదిరిందా?"

పుట్టిన తరవాత ఇంకొకరి చెవిని నేను సలహా అడగడం అదే మొదటిసారి. ఆమె కళ్ళు మూసుకుంది.

"ఇంకొంచెం పైకి" అంది. "అల ఇంకా ఉండాది."

వెంట్రుకవాసి తిప్పాను. ఆగింది. ఇందాక ఆగిందనుకున్నది ఆగడం కాదని అప్పుడు తెలిసింది.

ఆమె బాస్‌ని భుజానికి ఆనించుకుని కమాను లాగింది. పాదాల కింద నేలలోంచి మొదలై, కిటికీ అద్దాలదాకా పోయింది ఆ స్వరం. పాట మొదటి భాగం పూర్తయ్యేసరికి విజయరంగన్ సారు పుల్ల దించి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"ఆ కీబోర్డ్ మూసేయండి. దుమ్ము పడుతుంది."

బయట సన్నగా చినుకులు. మెట్ల మీద కూర్చున్నాం. ఎదురుగా పసుప్పచ్చ గోడకి ఆనుకుని ఒక జంట గొడుగుతో ఫొటో దిగుతోంది.

"ఎందుకట్లా చేసినావు?" అడిగాను.

"నీ పేరు చెప్పుంటే వీళ్ళందరూ వయొలిన్లు వేరే యాడికైనా ఎత్తుకుపోయేవాళ్ళు. పాపం మీ తాత కొట్టు అనిపించింది. నీ మీద జాలితో కాదు, చెప్తావుండా."

"నాకైనా చెప్పుండొచ్చు కదా!"

"చెప్తే ఏముండాది? నీ అంతట నువ్వు ఒప్పుకుంటావేమో అని చూసినా. వారం చూసినా, రెండు వారాలు చూసినా. ఇంక ఈ వారం కూడా చూసి వదిలేద్దామనుకున్నా."

"బాస్‌నా?"

"నిన్ను."

అంది, అని వెంటనే వాన వైపు తిరిగిపోయింది. ఇంక దాచిపెట్టడానికి నా దగ్గర పొగరు మిగల్లేదు.

"కీర్తికా, ఆ రోజు నేను పెట్టింది బాస్‌కి తప్పే. కానీ అది ఊరికే రాలేదు. నువ్వు అరిచిన 'స'కి కలిపినా. అది నీ గొంతు. ఆ పొద్దు నించీ నా చెవిలో అదే ఉండాది. పోవడం లేదు. పోవద్దు కూడా."

"అది నా గొంతు కాదు, నా కోపం."

"అయితే ఆ కోపమే."

"రోజూ తిట్టించుకుంటావా?"

"రెండు కట్టైలో అయితే."

ఆమె నవ్వింది. ఈసారి మర్యాద ఉందో లేదో నేను చూసుకోలేదు.

"ఇంకోసారి సముద్రం గాలి అన్నావంటే..."

"అనను."

"అనకుండా ఉండే మొహం కాదు నీది. సరే, చూస్తాం" అంది. చెయ్యి మాత్రం తెచ్చి నా చేతిలో పెట్టింది.

కచేరీ బాగా జరిగింది. ఊరు నన్ను 'రెండు కట్టై' అని పిలవడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు. వయొలిన్లు ఎక్కడికీ పోలేదు. కాకపోతే సుందరమూర్తి మాస్టారు ఇప్పుడు శ్రుతి కలిపాక రెండోసారి మీటి చూసి మరీ తీసుకెళ్తున్నారు.

తరవాతి ఆదివారం కీర్తిక వాళ్ళమ్మ లోగనాయకి గారిని తీసుకుని గోరిమేడు నించి మా ఇంటికొచ్చింది. పెద్దావిడ మా కొట్టు గోడలు చూసి ముక్కు విరిచింది, నన్ను చూసి ఇంకాస్త విరిచింది, అవ్వ ఇచ్చిన కాఫీ తాగాక కొంచెం సర్దుకుంది. అవ్వ మాత్రం పెళ్ళి మాటలేవీ ఎత్తలేదు. మంచం మీద కూర్చుని కీర్తికనే చూస్తోంది.

"నోరు తెరిచి 'స' పాడు తల్లీ."

"నాకు పాడేది రాదవ్వా."

"వచ్చినోళ్ళని వాళ్ళ పాటికి పాడనీ. నువ్వు పలుకు, చాలు."

కీర్తిక ఒకసారి నావైపు చూసి, తల వంచుకుని, మెల్లగా పలికింది. "స..."

అది రెండు కాదు. ఐదు. సరిగ్గా ఐదు. కోపం లేని కీర్తిక గొంతు ఎక్కడ ఉంటుందో నాకు ఆ నిమిషం దాకా తెలీదు.

అవ్వ కళ్ళు తుడుచుకుంది.

"వింటివా రా? ఐదు. నా తంబురా అర కట్టై దించు."

"అవ్వా!"

"దించమన్నా కదా. పోయిన గొంతుకి ఎన్నాళ్ళు మీటతావు? ఇంటికొచ్చే గొంతుకి పెట్టు."

లోగనాయకి గారికి తంబురా సంగతి తెలీదు. అయినా ఏదో పెద్ద మాటే అయిందని అర్థమై, కూతురి తల నిమిరింది. నేను తంబురా ఒళ్ళోకి తీసుకున్నాను. పదేళ్ళుగా ఐదున్నరకే అలవాటుపడ్డ బిరడాలు. ఒక్కొక్క తంతీ మీటి, విని, దించాను. నాలుగో తంతి దగ్గర ఆగి, తలెత్తి అడిగాను.

"కుదిరిందా?"

"లేదు" అన్నారు అవ్వా, కీర్తికా ఒకేసారి.